మలుపులో పాతిన బోర్డు

మా ఊళ్ళో వాగు మీది బ్రిడ్జి దాటగానే రోడ్డు కుడికి తిరుగుతుంది. ఆ మలుపులో ఇనుప స్తంభం మీద ఒక నీలం బోర్డు ఉండేది. మేం వలస వచ్చిన ఈ దేశపు స్వాతంత్ర్య యుద్ధ కాలంలో ఒక సైనిక దళం ఇక్కడి రైతు ఇంట్లో ఒక రాత్రి బస చేసిందని, రైతు భార్య వాళ్ళకి రొట్టెలు కాల్చి పెట్టిందని దాని మీద రాసి ఉండేది. పోరాటం ఏమీ జరగలేదు. మర్నాడు వాళ్ళు వెళ్ళిపోయారు. అక్షరాలు చిన్నవి, కారులోంచి చదవలేం. దిగి చదవాలంటే కారు ఆపడానికి అక్కడ చోటు లేదు. కాస్త గడ్డి అంచు, అంతే.

ఆ అంచు మీద నిలబడి చదువుతుండగా నా భర్తని మలుపు తిరిగి వచ్చిన పికప్ ట్రక్ కొట్టింది. నవంబరు నెల, ఇంకా వెలుతురు ఉంది. ఆయన ఫార్మా కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. రోడ్డు పక్కన చరిత్ర బోర్డు కనిపిస్తే చదవకుండా ముందుకు వెళ్ళేవారు కాదు. మేం ఆ దారిన ఎక్కువ వెళ్ళేవాళ్ళం కాదు. ఆ వారం హైవే మీద రిపేర్లు జరుగుతున్నాయని అటు మళ్ళారు.

ఇంటికి వచ్చి చెప్పిన పోలీసు మర్యాదస్తుడే. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చివర్లో మాత్రం, ఆయన అక్కడ నిలబడి ఉండాల్సింది కాదు అన్నాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు అదే మాట తెలుగులో అన్నారు.

"ఆ బోర్డు చదవకపోతే ఏం మునిగిపోయిందండీ," అంది ఒకావిడ.

"అదీ కాక, మన హిస్టరీ కూడా కాదు," అన్నాడు ఆవిడ భర్త.

ఈ దేశంలో ఉద్యోగం చేసి, ఇల్లు కట్టుకుని, ఇక్కడే ముసలివాడై, ఇక్కడి రోడ్డు మీద పోయిన మనిషికి ఏది మన హిస్టరీ? నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సంవత్సరీకాలు కాకముందే మా తెలుగు సంఘం ప్రెసిడెంటు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మా అబ్బాయి వయసువాడు.

"ఆంటీ, అంకుల్ పేరు మీద మెమోరియల్ బెంచ్ వేయిద్దామని కమిటీలో డిసైడ్ చేశాం. పక్కనే ఒక బోర్డు కూడా."

"ఎక్కడ?"

"ఆ స్పాట్‌లోనే ఆంటీ. ఉన్న బోర్డు పక్కన."

"దాని మీద ఏం రాయిస్తావు?"

ఫోన్ తీసి చూపించాడు. విజ్ఞాన ఖని. చరిత్ర పిపాసి. తెలుగుజాతి గర్వించదగ్గ మణిపూస. ఆ మాటల్లో మా ఆయన ఎక్కడా లేరు.

"అది చదవడానికి ఎవరైనా కారు ఆపితే?" అన్నాను.

"ఫాంట్ పెద్దది పెట్టిద్దాం ఆంటీ. కార్‌లోంచే కనిపిస్తుంది."

"చచ్చిపోవడానికి అక్కడ ఒక బోర్డు చాలు బాబూ. చేతనైతే దాన్ని తీయించు."

"అది గవర్నమెంట్‌ది కదా ఆంటీ," అన్నాడు. నొచ్చుకుని వెళ్ళిపోయాడు.

నేనే టౌన్‌షిప్, అంటే ఊరి పాలకమండలి, మీటింగ్‌కి వెళ్ళాను. నేను అడిగింది చిన్న పని. మలుపు దాటితే ఫైర్ స్టేషన్ ఉంది, దానికి పెద్ద పార్కింగ్ స్థలం ఉంది. బోర్డుని అక్కడికి మార్చండి, ఎవరైనా నిమ్మళంగా ఆగి చదువుకుంటారు అన్నాను. చరిత్ర కమిటీ తరఫున వచ్చినావిడ నాకు సానుభూతి చెప్పి, చరిత్ర జరిగిన చోటు పవిత్రమైనది, దాన్ని సౌకర్యం కోసం మార్చలేం అంది. సౌకర్యం అన్న మాటే వాడింది.

ఆమె పక్కన కూర్చున్న ముసలి సభ్యుడు సాయం చేస్తున్నాననుకుని అందుకున్నాడు. నిజానికి ఆ ఇల్లు వాగుకి అవతల, ఇప్పుడు గోదాములున్న చోట ఉండేదట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బోర్డు అడ్డం వస్తే పీకి ఇవతల పాతారట.

"రోడ్డుకి అడ్డమైతే జరిపారు. మనిషి చచ్చిపోతే జరపలేరా?" అని అడిగాను. పరిశీలిస్తామన్నారు.

పరిశీలించారు. వసంతకాలంలో అటు వెళ్తే నీలం బోర్డు పక్కన కొత్త స్తంభం కనిపించింది. ఇక్కడ వాహనాలు ఆపరాదు. చదవమని ఒక బోర్డు, ఆగొద్దని ఇంకొకటి. రెండూ ఒకే ఆఫీసు పెట్టినవి. కారు ఫైర్ స్టేషన్ దగ్గర ఆపి, స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అంత కోపం నాకు శ్మశానంలో కూడా రాలేదు.

తర్వాతి మీటింగ్‌లో చెయిర్మన్, మీరు లేవనెత్తిన భద్రతా సమస్యని పరిష్కరించాం అన్నాడు.

"మీరు ఎవరినీ కాపాడలేదు," అన్నాను. "ఈసారి అక్కడ పోయేవాడు రూలు తప్పాడని చెప్పుకోవడానికి వీలు చేసుకున్నారు."

చెయిర్మన్ థాంక్యూ చెప్పి, చెత్త ఎత్తించే విషయానికి వెళ్ళిపోయాడు. గదిలో జనం కూడా లేరు. కుర్చీలన్నీ ఖాళీ.

ఆ రాత్రి ప్రెసిడెంటుకి ఫోన్ చేశాను. "బెంచీ వద్దు. వచ్చే మీటింగ్‌కి మనవాళ్ళని తీసుకురా."

"ఏం మాట్లాడాలి ఆంటీ?"

"ఏమీ మాట్లాడొద్దు. కూర్చోండి."

"స్లోగన్స్, ప్లకార్డ్స్ ఏమైనా..."

"కూర్చోండి చాలు."

అందరూ వచ్చారు. మన హిస్టరీ కాదన్న పెద్దమనిషి కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. వెనక గోడ వెంబడి జనం నిలబడ్డారు. వీళ్ళందరికీ ఓట్లున్నాయని చెయిర్మన్‌కి తెలుసు. మా విషయం ముందుకు జరిపి ఓటుకి పెట్టాడు. ఎవరూ కాదనలేదు. చరిత్ర జరిగిన చోటు మాట ఎవరూ ఎత్తలేదు, చరిత్ర కమిటీ ఆవిడ కూడా.

మా ఆయన ప్రాణం వాళ్ళకి చాలలేదు. నిండిన గది కావాల్సి వచ్చింది.

బయట ప్రెసిడెంటు, "సాధించాం ఆంటీ, గ్రూప్ ఫొటో దిగుదాం," అన్నాడు. మీరు దిగండి అన్నాను.

బోర్డు ఇప్పుడు ఫైర్ స్టేషన్ ముందు ఉంది. పాతిన రోజు రెండు మాటలు మాట్లాడమని చరిత్ర కమిటీ ఆవిడ నన్ను పిలిచింది. మీ వారు చూస్తే ఎంతో సంతోషించేవారు అంది.

"ఇది ఇక్కడ ముందే ఉంటే, చదివి ఇంటికి వచ్చేవారు," అన్నాను. మైకు ఆవిడకే ఇచ్చి వచ్చేశాను.