లత నవ్వుతున్న పోస్టరు

బోధన్ దగ్గరి పల్లెలో చెరకుకు మందు కొట్టాలంటే రైతులు లతనే పిలిచేవాళ్లు. మగవాళ్లతో సమానంగా పంపు వీపుకెత్తుకునేది. చేన్లోకి దిగే ముందు ముక్కుకూ నోటికీ పాత చీర ముక్క చుట్టుకుని, చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకునేది.

నిరుడు వానకాలం ఒక పురుగుమందుల కంపెనీ వాళ్లు కారులో వచ్చారు. పోస్టరు మీదికి పల్లెటూరి ఆడమనిషి కావాలట. ఫొటోలు తీసేవాడు లతను చూసి, "అక్కా, గా గుడ్డ తియ్యి. మొఖం కనపడ్తలేదు," అన్నాడు.

"మందు కలిపేటప్పుడు గుడ్డ లేకుంటే ఎట్ల, అన్నా?"

"గిది మందు కాదక్కా, పాలు కలిపిన నీళ్లు. చెయ్యి పెట్టి కలుపు. జర నవ్వు."

లత నవ్వింది. నవ్వమని ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు.

కొన్నాళ్లకు ఊళ్లో, బోధన్ బస్టాండు దగ్గర, మందుల దుకాణాల మీద ఆ పోస్టర్లు వెలిశాయి. బకెట్లో ఒట్టి చెయ్యి, లత నవ్వు, కింద పెద్ద అక్షరాల్లో 'ఇంటి వంటంత భద్రం'. ఆమె తోటికోడలు సత్తవ్వ ఒక పోస్టరు అడిగి తెచ్చుకుని తన ఇంటి తలుపుకు అంటించింది. వచ్చినవాళ్లందరికీ, "మా చెల్లె," అని చూపించేది.

సత్తవ్వ ఎన్నడూ మందు ముట్టింది కాదు. ఆ పని భర్త భూమేష్ చూసుకునేవాడు. అతను కాలు విరిగి మంచాన పడ్డాడు. వరికి పురుగు పట్టింది. లత వేరే ఊరికి కూలికి పోయిన రోజు, సత్తవ్వ తనే ఆ పోస్టరు మీది మందు తెచ్చి, కలిపి చల్లింది.

సాయంత్రం లత వచ్చేసరికి సత్తవ్వ గట్టు మీద వాంతులు చేసుకుంటోంది. చీరంతా చెమటకు తడిసింది. మోచేతుల దాకా మందు వాసన.

"ఒట్టి చేతులతోని కలిపినవా అక్కా?"

"నువ్వు ఫొటోల గట్లనే కలిపినవ్ గదనే," అంది సత్తవ్వ. ఆ మాటలో కోపం లేదు. అర్థం కాక అడిగింది, అంతే.

బోధన్ ఆస్పత్రి వాళ్లు నిజామాబాద్‌కు పంపారు. దారిపొడుగునా లత ఆమె చేతులు తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. మరునాటి మధ్యాహ్నం సత్తవ్వ ప్రాణం పోయింది.

దినాలయ్యాక వ్యవసాయాఫీసరు ఊరికి వచ్చాడు. తలుపు మీది పోస్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. "పురుగుమందును భద్రం అని రాయొద్దు. తొడుగుల్లేని చేతులు చూపొద్దు. రూలున్నది," అన్నాడు.

"గా రూలు నాకు ఎవ్వలు చెప్పలేదు సార్."

"నీకెందుకు చెప్తరమ్మా? గది కంపెనీకి."

ఆ మందు అమ్మకం ఆగింది, కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. దుకాణాల మీది పోస్టర్లు కొన్నింటిని ఆఫీసరు తీయించాడు. మిగిలినవాటిని లత కనిపించినచోటల్లా గోళ్లతో గీకింది. కొన్ని ఊడలేదు. సత్తవ్వ కూతురు రమ్య తమ తలుపు మీదిది తనే చింపేసింది. ఆ తరువాత లత వెళ్తే, "సిన్నమ్మా, నిన్ను సూస్తే మా అవ్వ యాదికొస్తది. రాకు," అంది. లత మళ్లీ ఆ గడప తొక్కలేదు. మందు పని మానేసి చెరకు నరకడానికి పోతోంది.

ఈ ఏడు వరినాట్లప్పుడు బోధన్లో ఒక దుకాణం ముందు కొత్త పోస్టరు కనిపించింది. వేరే కంపెనీ పేరు. వేరే పిల్ల, లత కన్నా చిన్నది. ఒట్టి చేతుల్లో మందు సీసా పట్టుకుని నవ్వుతోంది.

"అన్నా, గిట్ల పెట్టొద్దట. రూలున్నది. మా అక్క సచ్చిపోయింది," అంది లత.

దుకాణదారు బేరం మధ్యలో తలెత్తాడు. "గా మందు బందైంది గదమ్మా. గిది వేరే."

అతనితో బేరమాడుతున్న రైతు పోస్టరు వంక ఒకసారి చూసి, అదే మందు ఇమ్మన్నాడు.