మూడు కొట్టి ఒకటి ఆగిన గుండె

దయ్యాలను నమ్మాలన్నా కాస్త బుర్ర ఉండాలి. అది నాకు లేదని మా సార్లు తొమ్మిదో తరగతిలోనే తేల్చేసి ఇంటికి పంపారు. అందుకే ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది మాత్రం చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో వెనక సందులో నాకు చిన్న షాపు ఉంది. ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు బోర్డులు సరిచేసి ఇస్తాను. వాటిలో ఎఫ్‌పీజీఏ బోర్డులని ఉంటాయి. ఏ పని కావాలంటే ఆ సర్క్యూట్‌ను చిప్పులోకి ఎక్కించుకోవచ్చు. నాడి చూసే ప్రాజెక్టయితే, సెన్సర్ మీద వేలు పెడితే గుండె చప్పుడు అంకెలుగా మారి చిప్పు లోపలి మెమరీలో నిండుతుంది. దాన్ని కేబుల్‌తో కంప్యూటర్‌లోకి చదువుకోవాలి. కరెంటు తీస్తే అంతా పోతుంది. మళ్లీ పెడితే అన్నీ సున్నాలే.

నేను పరీక్షకు వాడే వేలు మా బావది. అక్క భర్త. ఎల్బీనగర్‌లో చీరల దుకాణం. మధ్యాహ్నం చాయ్‌కి నా దగ్గరికి వచ్చేవాడు. బావా బామ్మర్దులం కదా, ఒక్క మాటా సూటిగా మాట్లాడుకున్న పాపాన పోలేదు.

ఒకరోజు కంప్యూటర్ తెర మీద తన నాడి గీతను చూసి ఆగిపోయాడు.

"ఏంది బామ్మర్దీ, మూడుసార్లు కొట్టి ఒకసారి ఆగుతున్నది? దవాఖానల చూపించుకోవాల్నా?"

"నీ గుండె గూడ నీ దుకాణం లెక్కనే బావా. గిరాకీ లేక జర కూసుంటది. బోర్డు తప్పది, చాయ్ తాగు."

నవ్వి వెళ్లిపోయాడు. తర్వాత అదే బోర్డు మీద నా వేలు పెట్టాను. ఎక్కడా ఆగలేదు. తప్పు బోర్డుది కాదన్నమాట. ఫోన్ చేయాలనుకున్నాను. రేపు వస్తాడు కదా, కాసేపు ఏడిపించి చెబుదామనుకున్నాను. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు మూసారాంబాగ్ మెట్రో మెట్ల మీద కూలిపోయాడు. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు.

కర్మకాండలు అయ్యాక షాపు తెరిచాను. మొదటి రోజే ఒక విద్యార్థి కొత్త బోర్డు తెచ్చాడు. సీలు నా ముందే విప్పాడు. ల్యాప్‌టాప్ కూడా అతనిదే. సెన్సర్ ఇంకా కవరులోనే ఉంది. సర్క్యూట్ ఎక్కించి, ముందు ఖాళీ మెమరీ చూపిద్దామని చదివాను.

సున్నాలు రాలేదు. గీత వచ్చింది. మూడు కొట్టి ఒకటి ఆగింది. మళ్లీ మూడు కొట్టింది.

"ఎవరిదన్నా ఇది?" అన్నాడు ఆ పిల్లవాడు.

కరెంటు తీసి పెట్టి మళ్లీ చదివాను. అదే గీత. మూడోసారి చదివితే అన్నీ సున్నాలు. ఆ తర్వాత ఎప్పుడు చూసినా సున్నాలే.

మా షాపుకు వచ్చే ఒక లెక్చరర్‌ను అడిగాను. కొత్త చిప్పుల్లో ఒక్కోసారి చెత్త అంకెలు వస్తుంటాయన్నాడు. చెత్త మూడుకొకసారి లెక్కగట్టి ఆగుతుందా సార్ అంటే, తన బోర్డు తీసుకుని వెళ్లిపోయాడు.

నా వేలు పెట్టి చూసిన సంగతితో సహా అంతా అక్కకు చెప్పాను. దుకాణంలో చీరలు మడతపెడుతూ విన్నది. తిడుతుందనుకున్నాను. తల ఎత్తకుండానే అన్నది:

"ఇరవై ఏండ్లు కాపురం చేసిన, నా కలలకు గూడ రాలే. నీ దగ్గరికే ఒచ్చిండంటే, నువ్వు ఇంకా దవాఖానకు తోల్కపోతవనే కూసున్నడు రా మీ బావ."