లోస్నర్ గారి మంగళవారం

ఊరంతా బుధవారంలో ఉంటే మునిసిపల్ క్యాషియర్ ఎగ్బర్ట్ లోస్నర్ ఒక్కడూ మంగళవారంలో ఉండేవాడు. గోడ మీది క్యాలెండరు కాగితం చింపడం ఆయనకు ఏనాడూ సమయానికి గుర్తొచ్చేది కాదు. సోమవారం పొద్దున్నే ప్రార్థనకని వెళ్ళి, తాళం వేసిన చర్చి తలుపు తట్టేవాడు. పెళ్ళికి పిలిస్తే మర్నాడు వచ్చి, గిన్నెలు కడిగేవాళ్ళను ఆశీర్వదించి పోయేవాడు. జర్మనీ డబ్బు మార్కు విలువ పడిపోయిన ఏడాది ఈ జబ్బు మరీ ముదిరింది.

బెర్లిన్ నోట్లు చాలక ఆ ఏడు మునిసిపాలిటీయే సొంత నోట్లు అచ్చేసింది. ఒకవైపే అచ్చు. ఊరు దాటితే చెల్లవు, గడువు దాటితే పొయ్యిలోకే. గడువులోగా లోస్నర్ కిటికీ దగ్గర మార్చుకోవాలి.

పూటపూటకూ ధరలు పెరిగేవి గనక, శుక్రవారం జీతాలు అందగానే జనం బుట్టల నిండా నోట్లతో రొట్టెల దుకాణానికి పరిగెత్తేవాళ్ళు. లోస్నర్ మాత్రం శనివారం తీరిగ్గా వెళ్ళి, అదే జీతానికి సగం రొట్టె తెచ్చుకునేవాడు. నిన్న వస్తే మొత్తం వచ్చేది కదా అని దుకాణదారు వెక్కిరిస్తే, ఇవాళే కదయ్యా శుక్రవారం అని ఎదురు ఆశ్చర్యపోయేవాడు. ఆయన బుర్ర అరిగిపోయిందని చాకిరేవులో అందరికంటే ఎక్కువ నవ్వింది బట్టలుతికే వాల్‌బుర్గా.

ఆ వాల్‌బుర్గాకే జ్వరమొచ్చింది. మంచం దిగేసరికి బుధవారం. నెల్లాళ్ళ కూలి బుట్టెడు నోట్లున్నాయి, వాటి గడువు నిన్నటితో సరి. అవి మారకపోతే ఇద్దరు పిల్లలకూ చలికాలానికి బంగాళాదుంపలు లేవు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్తే కిటికీ ముందు తనలాంటివాళ్ళే పదిమంది ఉన్నారు. పక్క ఊళ్ళో ఇలాగే గడువు దాటిపోయి ఒక ముసలాయన ఉరేసుకున్న సంగతి అందరికీ తెలుసు.

ఆరోజే జిల్లా నుంచి తనిఖీ అధికారి దిగాడు. గడువు తీరిన నోట్లు ముట్టుకోవద్దన్నాడు. లోస్నర్ గోడ మీది మంగళవారాన్ని చూపించాడు. అధికారి ఒళ్ళు మండి, వరసలో మొదట నిలబడ్డ వాల్‌బుర్గా వైపు తిరిగాడు.

“ఇవాళ ఏ వారమమ్మా?”

ఆమె చేతిలోని బుట్ట వైపు చూసుకుంది. “మంగళవారమండీ.”

వెనకనున్న కుంటి సిపాయి కూడా మంగళవారమే అన్నాడు. వరసంతా అదే పాట పాడింది. అధికారి పీక్కుపోయిన ఆ ముఖాలను కాసేపు చూసి టోపీ పెట్టుకున్నాడు.

“సరే. అయితే రేపు బుధవారం వస్తాను.”

లోస్నర్ ఆమె నోట్లు మార్చి ఇచ్చి, కిటికీలోంచి వంగి మెల్లగా చెప్పాడు. “పరిగెత్తమ్మా. బుధవారం నాడు మధ్యాహ్నం పన్నెండు దాటితే దుంపల ధర మారుతుంది.”

నాలుగడుగులు వేసి ఆమె ఆగిపోయింది. మహానుభావుడికి అన్నీ తెలుసు. ఒక్క కిటికీ దగ్గరే రోజు మరిచిపోతే ఎవరు నమ్ముతారని, ఇన్నాళ్ళూ సగం రొట్టెతో సరిపెట్టుకున్నాడన్నమాట. తను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి వాల్‌బుర్గాకు సిగ్గేసింది.

శనివారం లోస్నర్ జీతం పట్టుకుని వచ్చేసరికి, దుకాణం మెట్ల మీద వాల్‌బుర్గా ఒక నిండు రొట్టెతో నిలబడి ఉంది.

“నిన్న కొన్నదండీ,” అంది. “మీ లెక్కలో తాజాదే.”