బోర్లా నేసిన గుడ్డ

సూరత్‌లోని భేస్తాన్‌లో మా గల్లీ చివరింట్లో ఉండే రాజమల్లు కత్తెర పెట్టే ముందు గుడ్డను ఒకసారి కళ్ళకద్దుకుంటాడు. సిరిసిల్ల దగ్గరి పల్లెలో తండ్రి నేర్పిన అలవాటు అది. సూరత్ వచ్చి ముప్పై ఏళ్ళు మరమగ్గాల మీద, మేము సాంచలంటాం, గుడ్డ నేసినన్నాళ్ళూ దాన్ని మానలేదు. ఇప్పుడు కొత్తగా బాగుచేయించుకున్న ఫ్లాట్లలో గోడలకు గుడ్డ తొడిగే పనిలోనూ మానలేదు.

సాంచల మోతకు చెవులు మందగించి ఆ పని వదిలేశాడు. కోడలు ప్రసన్న ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఇంటీరియర్ కోర్సు చదివి, నాలుగేళ్ళు ఒక డిజైనర్ దగ్గర పనిచేసింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మామా, గోడకు గుడ్డ కొట్టేటోళ్ళు మస్తుమంది దొరుకుతున్నరు. గుడ్డ సంగతి తెలిసినోళ్ళే లేరు. నాతోని వస్తవా?"

కోడలు పని చెబితే మామ చేస్తాడా అని గల్లీలో ఒకరిద్దరు నవ్వారు. "నా బిడ్డ నాకు సేటు. మీకేంది నొప్పి?" అన్నాడు రాజమల్లు. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పోయిన వైశాఖంలో వాళ్ళిద్దరికీ సొంత పేరు మీద బాగుచేసే పనికి మొదటి ఇల్లు దొరికింది. అడాజణ్‌లో పాత ఫ్లాటు. ఇంటావిడ జాగృతిబెన్ రిటైరైన టీచరమ్మ. ప్రసన్న వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీయించి వెలుతురు రప్పించింది. నేల మీది పాతకాలపు రంగుల బిళ్ళలను పగలగొట్టనీయలేదు, కడిగించి మెరుగు పెట్టించింది. జాగృతిబెన్ అత్తగారి నాటి ఊయలబల్లకు ఇత్తడి గొలుసులు కట్టించింది. ఆ ఊయలకు ఎదురుగా ఉన్న పెద్ద గోడకు నీలం గుడ్డ, అందులో తెల్లని ఆకులు. దాని ముందు ఇత్తడి దీపం. ఇల్లంతటికీ ఆ గోడే ముఖం అనుకుంది.

"ఈ ఇల్లు మంచిగున్నదంటేనే మామా, ఇంకొకరు పిలుస్తరు. లేకుంటె మళ్ళ ఒకరి కింద కొలువే నాకు" అంది.

వాస్తు పూజకు ముందురోజు పొద్దున్నే రాజమల్లు ఒక్కడే మొదలుపెట్టాడు. పన్నెండు చెక్క పలకలు. ఒక్కోదానికి గుడ్డ లాగి, వెనక్కి మడిచి, పిన్నులు కొట్టి గోడకు నిలబెట్టాడు. మధ్యాహ్నానికి అయిపోయింది. జాగృతిబెన్ వచ్చి చూసి "బహు సరస్, కాకా" అని మురిసిపోయి, చాయ్ పెట్టడానికి వెళ్ళింది.

అప్పుడే దీపానికి బల్బు కొనుక్కుని వచ్చిన ప్రసన్న గడపలోనే ఆగిపోయింది.

"మామా. గుడ్డ ఉల్టా పెట్టినవ్."

"సక్కగనే ఉన్నది గద బిడ్డా."

"నేను తెచ్చింది నీలం మీద తెల్ల ఆకులు. ఈడ తెలుపు మీద నీలి ఆకులున్నయ్ చూడు."

రాజమల్లు మిగిలిన గుడ్డముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నెమ్మదిగా కింద కూర్చున్నాడు. ఇలాంటి పూల గుడ్డను చాలా సాంచల మీద బోర్లా నేస్తారు. ముఖం కిందికి ఉంటుంది, నేసేవాడి కళ్ళకు రోజంతా వీపే కనిపిస్తుంది. గుడ్డకు ముఖమేదో కొట్టువాడికి తెలుస్తుంది, కట్టుకున్న ఆడపిల్లకు తెలుస్తుంది. రాజమల్లు చేతులు మాత్రం ముప్పై ఏళ్ళుగా చూసిన వైపునే ముందుకు పెట్టాయి.

ప్రసన్న గొంతు తగ్గించింది. "ఆమెకు నచ్చింది గద మామా. రేపే పూజ. చెప్తే మనకు పని రాదనుకుంటది. ఊకుందమా?"

రాజమల్లు లేచి గుడ్డ మీద గోరుతో గీరాడు. వీపు వైపు వదులుగా ఉండే పోగొకటి వేలికి తగులుకుని లేచింది.

"చూసినవా? ఇయ్యాల బాగనే ఉంటది. పిల్లల గోర్లు తాకితె ఆర్నెల్లకు గోడంతా పీసుపీసయితది. అప్పుడు ఎవరి పేరు చెప్తరు?"

వంటింటి దగ్గరికి వెళ్ళి తనకు వచ్చిన హిందీలో చెప్పేశాడు. "బెన్, గల్తీ హువా. మేరా గల్తీ. గుడ్డ తిరగేసి పెట్టిన."

జాగృతిబెన్ కప్పులు కింద పెట్టింది. "నాకు తెలియనే తెలియదు కదా కాకా. ఎందుకు చెప్పారు?"

"గుడ్డకు తెలుసు గద, బెన్."

ఆవిడ నవ్వింది. "మరి రేపటికి అవుతుందా?"

"దీపం పెట్టే యాళ్లకు అయితది."

ప్రసన్న భయం వేరు. "పిన్నుల తూట్లు పడ్డయి. అంచు చాలుతదా?"

పలక వెనక్కి తిప్పి చూపించాడు. నాలుగు దిక్కులా నాలుగు వేళ్ళ గుడ్డ మిగిలి మడతలో ఉంది. నిన్న కోసేటప్పుడు దండుగ చేస్తున్నావని ఆమె కసురుకున్న గుడ్డ అదే. మగ్గం మీద పాత పడుగు దారాల కొసలు మిగిలితేనే కొత్త పడుగు అతుకుతుందని, ఏదీ కొస దాకా కోయకూడదని రాజమల్లు నాయన చెప్పేవాడట.

ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. జాగృతిబెన్ కళ్ళద్దాలు పెట్టుకుని, చిన్న స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క పిన్నూ లేపింది. తీసినవన్నీ స్టీలు డబ్బాలో వేసింది. "రేపు అందరూ ఒట్టి కాళ్ళతో వస్తారు" అంది. మధ్యలో లేచి శనగపిండితో చేసిన ఖమణ్ పెట్టింది. రాజమల్లు వద్దంటే, ప్లేటు ప్రసన్న చేతికిచ్చి "ముందు మీ మామకు" అంది. పొద్దు వాలేసరికి పన్నెండో పలక గోడెక్కింది. ప్రసన్న బల్బు వేసింది. గోడంతా నీలం, అందులో తెల్లని ఆకులు.

మర్నాడు పూజకు రాజమల్లు భార్య ఐలమ్మతో వచ్చి చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. వచ్చినవాళ్ళంతా గోడ దగ్గర ఆగి, తాకి చూస్తున్నారు. ఎవరు చేశారని పై అంతస్తు ఆవిడ అడిగింది. జాగృతిబెన్ దాచకుండా తిరగేసిన సంగతితో సహా చెప్పింది. రాజమల్లు తల వంచుకున్నాడు.

"కాకా, ఇటు రండి. ఊయల మీద కూర్చోండి."

"వద్దు బెన్, నేను ఈడనే..."

"కూసో రాదు, అంత పిలుస్తుంటె" అని ఐలమ్మ మోచేత్తో పొడిచింది.

కూర్చున్నాడు. ఎదురుగా గోడ. దాని మీంచి చూపు తిప్పలేదు.

"ఏం జూస్తున్నవ్ అంతగనం?" అంది ఐలమ్మ.

"గిసొంటి గుడ్డ ఎన్ని తాన్లు నేసిన్నో లెక్కలేదు. గిట్ల ఎదురుంగ కూసోని దాని ముఖం చూసుడు ఇదే మొదలు."

అవతల పై అంతస్తు ఆవిడ ప్రసన్నను పట్టుకుంది. తమ ఇల్లు చూడడానికి ఎప్పుడు వస్తావని అడుగుతోంది.

"మా మామను అడిగి చెప్తా ఆంటీ" అంది ప్రసన్న, అతనికి వినబడేలా కాస్త గట్టిగానే.

రాజమల్లు విన్నాడో లేదో. ఊయల మీంచి మాత్రం లేవలేదు.