లోడు నిండని కోర్సు

జులైలో ఎలక్టివ్‌ల వారం వచ్చిందంటే నాకు మా ఊరి నుంచి ఫోను రావడం ఖాయం. ఈ ఏడూ వచ్చింది. విభాగంలో నా గదిలో కూర్చుని, అంతర్జాతీయ సంబంధాల ఎమ్మే రెండో ఏడాది పిల్లలు ఎవరు ఏ కోర్సు ఎంచుకున్నారో కంప్యూటర్లో చూస్తున్నాను. నేను చెప్పేది నదీ జలాల రాజకీయాలు. దాని కింద నాలుగు పేర్లున్నాయి. ఐదు లేకపోతే కోర్సు నడపరు. సాయంత్రంతో ఎంపిక ముగిసిపోతుంది. భద్రతా వ్యవహారాలు చెప్పే సహోద్యోగి అంతకుముందే వచ్చి, తన క్లాసుకి కుర్చీలు చాలడం లేదని నా దగ్గర విచారం వెళ్ళబోసుకుని వెళ్ళాడు. ఆయన విచారంలో చేతనైనంత పాలుపంచుకున్నాను. అప్పుడు మోగింది ఫోను.

"లోడెంతయింది అమ్మాయ్?" అన్నాడు పెదనాన్న.

ఆయనకి ఎనభై దాటాయి. కుశల ప్రశ్నల మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. ఈ లోడు సంగతేమిటో చెప్పాలంటే ఇరవై ఏళ్ళ వెనక్కి, చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు వెళ్ళే దారిలో ఉన్న మా ఊరికి వెళ్ళాలి. మాది ఉమ్మడి సేద్యం. ఏ ఏడు ఏ పైరు వెయ్యాలో నిర్ణయించేది పెదనాన్నే. ఆయన పద్ధతిలో నేల, వాన, విత్తనం లాంటివి రెండో వరసలో కూర్చునే విషయాలు. తొలకరి ముందు రోజూ టీ కొట్టు దగ్గర చేరి ఎవరేం వేస్తున్నారో కనుక్కునేవాడు. తనని అడిగితే మాత్రం ఇంకా ఏమీ అనుకోలేదని తొణక్కుండా అబద్ధం చెప్పేవాడు. అందరూ మిరప అంటే ఆయన పత్తి. అందరూ పత్తి అంటే ఆయన మిరప. నిరుటి ధర చూసి ఊరంతా ఒకటే వేస్తే, కాయ చేతికొచ్చేసరికి గుంటూరు యార్డులో దాని మొహం చూసేవాడు ఉండడని ఆయన సిద్ధాంతం. అది చాలాసార్లు నెగ్గింది. నెగ్గని ఏళ్ళ గురించి మా ఇంట్లో మాట్లాడుకోం. ఒక ఏడు ఊళ్ళో సగం మంది మిరప, సగం మంది పత్తి అని తేలేసరికి ఆయన వాము వేశాడు. ఆ ఏడంతా మా ఇంట్లో ఎవరికీ అజీర్తి చెయ్యలేదు. అంతకు మించి లాభం కనపడలేదు.

నేను హైదరాబాదులో ఎమ్మే మొదటి ఏడాది పూర్తిచేసి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు, రెండో ఏడాది ఎలక్టివ్‌ల కాగితం నాతో తెచ్చుకున్నాను. అంతర్జాతీయ సంబంధాలంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు కాబట్టి అందరికీ దాని మీద గట్టి అభిప్రాయాలుండేవి. నాన్న అడిగినవాళ్ళకి "పెద్ద చదువే" అని చెప్పి తప్పుకునేవాడు. పెదనాన్న ఒక్కడే కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అసలు ప్రశ్న అడిగాడు.

"మీ క్లాసులో అందరూ ఏది ఏస్తున్నారు?"

"భద్రత, పెదనాన్నా. యుద్ధాలు, క్షిపణులు అవీ. సివిల్సుకి పనికొస్తుందంట."

"ఎవరూ ఏయనిదేది?"

"నదీ జలాలు. రెండు దేశాల మధ్య పారే నదిలో ఎవరికెన్ని నీళ్ళు అని."

"అదేయ్."

నాన్న పేపరు పక్కన పెట్టాడు. "చదువు కూడా పత్తీ మిరపా ఏందన్నయ్యా?"

"నీకు తెలవదు ఊరుకోరా. రేపు ఉజ్జోగాల యార్డులోకి భద్రత టిక్కీలకి టిక్కీలు దిగుద్ది. నీళ్ళు ఒక్క టిక్కీ ఉంటది. అప్పుడు దేన్ని అడుగుతారో చూడు." మిరపకాయల బస్తాని మా వైపు టిక్కీ అంటారు. అలా నా భవిష్యత్తు గోతంలో కుక్కి కుట్టేశారు.

నిజానికి ఆయన చెప్పకపోయినా నేను తీసుకునేది అదే. ఆ కోర్సు చెప్పే మేడం, తన క్లాసులో కూర్చున్నవాళ్ళ చేతే పరిశోధన వ్యాసం రాయించేది. నాకు రాయాలని ఉన్న విషయం ఒక్కటే: ఎగువ వాళ్ళు వాడుకున్నాక దిగువకి మిగిలేది ఎంత, అది అడిగే హక్కు ఎవరిది. సాగర్ కుడికాలువ చిట్టచివరి భూముల్లో పుట్టినవాళ్ళకి ఇది పుస్తకంలో సంగతి కాదు. కాలువకి నీళ్ళు వదిలారని పేపర్లో చదివేవాళ్ళం. మా చేలోకి అవి వచ్చేలోపు, చిన్నప్పుడు నేను ఒక తరగతి పైకి వెళ్ళిపోయేదాన్నేమోనని ఇప్పటికీ అనుమానం. ఎండిన కాలువలో నిలబడి తూము వైపు చూసే నాన్న వీపు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ వీపు గురించి రాయాలంటే మేడం కావాలి. మేడం కావాలంటే ఆ కోర్సు కావాలి. లేదంటే క్షిపణుల మీద రాయాలి. వాటితో నాకు పరిచయం కూడా లేదు.

తిరిగి వెళ్ళి చూస్తే ఆ కోర్సులో రెండే పేర్లున్నాయి. ఒకటి నాది. రెండోది చీరాల కుర్రాడిది. వాళ్ళింట్లో మగ్గాలున్నాయి. వారం వారం ఇంటికెళ్ళి సాయం చేసేవాడు. అందుకని కోర్సుల్ని రైళ్ళ టైంటేబుల్ పక్కన పెట్టుకుని ఎంచుకునేవాడు. "దీనికి శుక్రవారం క్లాసు లేదు. అంతకన్నా మంచి సబ్జెక్టు ఏముంది?" అన్నాడు నాతో. మేడం మా ఇద్దర్నీ పిలిచి, ఇది తనకి అలవాటే అన్నట్టు మామూలుగా చెప్పింది. "ఈ వారం చివరికి ఐదుగురు కావాలమ్మా. లేకపోతే మీ ఇద్దర్నీ, నిండిపోయినా సరే, భద్రతలో కలిపేస్తారు."

నేను పెదనాన్నకి ఫోను చేసి ఆయన సిద్ధాంతానికి పట్టిన గతి వివరించాను. ఎవరూ వెయ్యకపోతే ధర పలకడం మాట దేవుడెరుగు, ఇక్కడ అసలు పొలమే ఎత్తేస్తారన్నాను.

"అట్టా ముందే చెప్పొద్దూ!" అన్నాడు. "అయితే అది పైరు కాదు గదమ్మాయ్. లారీ."

మా ఊళ్ళో చిన్న రైతులకి ఎవరికీ లారీకి సరిపడా కాయ ఉండదు. తలా కాసిన్ని టిక్కీలు కలిపితేనే బండి యార్డుకి కదులుతుంది. ఆ లోడు నింపడానికి కల్లాల చుట్టూ తిరిగేది కూడా పెదనాన్నే. ఆ విద్యలో ఆయనకి వాము చరిత్ర లేదు.

"లారీ మాట్లాడుకున్నోడి కాడికి పోబాక. పక్క లారీ నిండిపోయి, కాయ ఎందులో ఏయాల్నో తెలవక నిలబడినోడుంటాడు చూడు, ఆడి కాడికి పో. బతిమాలొద్దు. ఖాళీలున్నయ్యని చెప్పొద్దు. ఒక్క చోటే ఉందని చెప్పు."

"మూడున్నయ్ పెదనాన్నా."

"ఆడికెందుకమ్మా అన్ని వివరాలు?"

భద్రత నిండిపోయింది కాబట్టి, చోటు దొరకనివాళ్ళు ఆఫీసు ముందు వరండాలో నిలబడి ఉండేవాళ్ళు. కల్లంలో నిలబడ్డ రైతుల మొహాలే. నేను ఒకమ్మాయి పక్కన చేరి, నదీ జలాల్లో ఒక్క చోటు మిగిలిందట అన్నాను. ఆ అమ్మాయి మాట పూర్తికాకుండానే పరిగెత్తుకెళ్ళి పేరిచ్చింది. వెంటనే ఆమె స్నేహితురాలు నా మీదకొచ్చింది, తనకెందుకు చెప్పలేదని. ప్రయత్నిస్తానని చెప్పి, టీ తాగి వచ్చి, అతి కష్టం మీద ఇంకోటి దొరికిందన్నాను. నలుగురం అయ్యాం. అక్కడ బండి ఆగిపోయింది. మిగిలినవాళ్ళందరూ దౌత్యం కోర్సులో సర్దుకున్నారు. చివరి రోజు పొద్దున చూస్తే వరండాలో ఒక్కడే మిగిలాడు, మా క్లాసువాడే, బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ. అతన్ని అప్పటికే రెండుసార్లు అడిగాను. నీళ్ళ గురించి చదవడానికి ఏముంటుంది అన్నాడు.

మధ్యాహ్నం అక్కడికి పెదనాన్న వచ్చాడు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో సంచీ. విత్తనాల కంపెనీలో పనుండి హైదరాబాదు వచ్చానన్నాడు. ఏ కంపెనీ అని అడిగితే సంచీ సర్దుకున్నాడు. తర్వాత తిన్నగా వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుని, అడక్కుండానే నాలుగు పల్లీలు తీసుకున్నాడు.

"ఏ ఊరు బాబూ?"

"వినుకొండ పక్కనండీ."

"పొలం కాలవ కిందేనా?"

"కాలవ కిందేనండీ. నీళ్ళకేం ఇబ్బంది లేదు మాకు."

"ఎందుకుంటది? మా నీళ్ళు మీ మీదుగానే గదా వచ్చేది."

"వస్తే వస్తాయండీ. రాకపోతే మేం వాడుకున్నట్టు."

ఐదో పేరు మీద నేను ఆశ వదులుకున్న క్షణం అది. పెదనాన్న మాత్రం మోకాలి మీద చరిచి నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఇతన్ని ఎక్కించుకో! మీరంతా కాలవ చివరోళ్ళలాగే మాట్లాడతారు. పైవాడు ఒక్కడన్నా లేకపోతే క్లాసులో ఎవర్ని తిడతారు?"

"తిట్టించుకోడానికి చేరాలా అండీ?" అన్నాడతను.

"ఊరికే పడమంటున్నామా? నువ్వూ తిట్టు. మార్కులు కూడా ఏస్తారంట. ఒక్క చోటే ఉంది మరి, నీ ఇష్టం."

ఆ వారంలో ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి. అతను పల్లీల పొట్లం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు.

ఆ సెమిస్టరంతా వినుకొండ కుర్రాడు ఎగువ దేశం, నేను దిగువ దేశం. చీరాల కుర్రాడు తనది సముద్రం పక్షమనీ, ఏం వచ్చినా తీసుకుంటాననీ ప్రకటించాడు, శుక్రవారాలు తప్ప. మేడం చాలాసార్లు పాఠం ఆపి మా పోట్లాట వినేది. వ్యాసం రాశాను. నాన్న వీపు అందులో ఎక్కడా కనపడదు. చదివితే తెలుస్తుంది. కొన్నేళ్ళకి మేడం రిటైరై, ఆ కోర్సు చెప్పేవాళ్ళ కోసం విభాగం వెతికితే, నీళ్ళ మీద పనిచేసినవాళ్ళది యార్డులో ఒక్క టిక్కీయే కనపడింది, అది నేనే. అంటే పెదనాన్న పైరు లెక్క కూడా చివరికి నెగ్గింది. ఆ సంగతి ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది.

"నాలుగు, పెదనాన్నా," అన్నాను ఫోనులో.

"పైవాడున్నాడా?"

"ఉన్నాడు. బాగా పొగరు కూడా."

"ఇంకేం మరి. నిలబడినోళ్ళని చూడు."

తలెత్తితే గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. లోపలికి రావాలా వద్దా అని సంచీ భుజం మార్చుకుంటోంది. "మేడం, ఈ కోర్సుకి శుక్రవారం క్లాసు ఉంటుందా?"

"ఉండదు," అన్నాను. "కానీ ఒక్క చోటే ఉంది."

ఫోనులో పెదనాన్న నవ్వు వినపడింది. ఎప్పుడో పైన ఎవరో వదిలిన మాట, ఎన్ని చేలు దాటుకునో, ఎన్నేళ్ళకో మన నోటిదాకా వస్తుంది. కాలం కూడా కాలవ లాంటిదే, ఆలస్యంగానైనా చివరి భూమిని మర్చిపోదు.