సొంతింట్లో కిరాయికున్న ముత్తమ్మ

ఏళ్ల తరబడి మోసిన బరువు. నిన్న దించేశాను. చాటుగా కాదు, వీధిలో నిలబడి, గొంతెత్తి. అదేమిటో మీకూ చెప్పాలి.

నేను కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఇల్లు కొన్న రెండేళ్లకే మంచి ధర పలికింది. ఆశ పుట్టింది. చిక్కల్లా పన్నుతోనే. అప్పట్లో, కొన్న మూడేళ్లలోపు అమ్మితే లాభమంతా జీతంతో కలిపి పన్ను కట్టాలి. ఆ గడువు దాటితే బాగా తగ్గుతుంది. రిజిస్ట్రేషన్ ఆపినంత మాత్రాన చాలదు, డబ్బు పుచ్చుకుని తాళాలిచ్చినా అమ్మినట్టే. పిల్లలకు ఇదంతా చెప్పేవాడికి దొంగదారి తెలియదా?

కొన్నవాడు మల్లయ్య, ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసి మానేసినవాడు. డబ్బంతా ఇచ్చేసి, తల్లి ముత్తమ్మతో వచ్చి దిగాడు. గడువు దాటేదాకా కిరాయికున్నామని చెప్పమన్నాను. గేటుకు పేరు వద్దన్నాను. పాలు కూడా పొంగించొద్దన్నాను. పాపం, తల్లీకొడుకులు సరేనన్నారు.

గడువు ఇంకా కొంత ఉండగానే ముత్తమ్మకు జబ్బు చేసింది. ఇక లాభం లేదని దవాఖానా నుంచి పంపేశారు. కిరాయి ఇంట్లో ప్రాణం పోనివ్వరు మన దగ్గర, ఇంటికి కీడని. ఇరుగుపొరుగు నాకు కబురు పెట్టారు. నేను వెళ్లేసరికి ఆమె ఇంకా ఆటోలోనే ఉంది.

"సారూ, అమ్మను లోపటికి తీస్కపోమని మీరే చెప్పుండ్రి," అన్నాడు మల్లయ్య. ఆ ఇల్లు తనదేనని మాత్రం అనలేదు. నాకిచ్చిన మాట అప్పుడు కూడా తప్పలేదు.

"ఓనర్ ఒప్పుకుంటే మాకేంది," అంది పక్కింటావిడ.

ఆవిడ తమ్ముడు పన్నుల ఆఫీసులో గుమాస్తా. ఏ ఓనరూ ఒప్పుకోనిది నేను ఒప్పుకుంటే అనుమానం రాదూ? చావుబతుకుల్లో ఉన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని నేను ఆలోచించింది అదా? అదే.

"కిరాయి ఇల్లు గదా మల్లయ్యా. బయట టెంటు వేయించు," అన్నాను.

ముత్తమ్మ తన గేటు బయట, టెంటు కింద పోయింది.

గడువు దాటింది. రిజిస్ట్రేషన్ అయింది, పన్ను తగ్గింది. గెలిచాననుకున్నాను. సంతకాలప్పుడు మల్లయ్య నా మొహం చూడలేదు.

అతను మేడ మీద గది వేసుకున్నాడనీ, నిన్న పాలు పొంగిస్తున్నాడనీ తెలిసింది. నన్ను పిలవలేదు. ముందు పన్నుల ఆఫీసుకెళ్లి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను, ఏం జరిమానా వేస్తారో వేయనీ అని. అక్కణ్ణించి నేరుగా ఆ గేటు దగ్గరికి వెళ్లాను. వాడకట్టంతా అక్కడే ఉంది. అందరికీ వినబడేలా గొంతెత్తాను.

"ఆ రోజు ఈ ఇల్లు ముత్తమ్మదే. డబ్బంతా అప్పటికే నాకు ముట్టింది. పన్ను ఎగ్గొట్టడానికి అబద్ధమాడి, ఆమెను ఆమె ఇంటి బయటే ఉంచాను," అన్నాను.

మల్లయ్య గేటు దాకా వచ్చాడు.

"గీ మాట ఆ దినం అనాలె సారూ," అని లోపలికి వెళ్లిపోయాడు.

రమ్మనలేదు. క్షమించమని నేనూ అడగలేదు, ఏ మొహంతో అడగను? అయినా తిరిగి వస్తుంటే ఒళ్లంతా తేలికైంది. నా పెళ్లి ఊరేగింపులో కూడా అంత దర్జాగా నడవలేదు. వెనక పక్కింటావిడ ఎవరికో చెబుతోంది.

"అవ్, ముసలమ్మ సొంతిల్లేనట."

వీధి మలుపు దాకా ఆ మాట వింటూ మెల్లగా నడిచాను.