కనబడని పెళ్లి

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి టకానిని ఊరికెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న ఆంటీ ల్యాప్‌టాప్‌లోంచి సన్నాయి వినిపిస్తోంది. తెర మీద మాత్రం ఏమీ లేదు.

“తెలుగేనా బాబూ? మా మేనకోడలి పెళ్లి లైవ్. తాళి కట్టేస్తారు, ఏం కనబడట్లేదు!”

“ఆఫీసులో పెద్ద మానిటర్ మీద ఓపెన్ చేశారా?”

“అవును.”

“అయితే విండో ఇంకా ఆ మానిటర్ మీదే ఉన్నాననుకుంటోంది ఆంటీ.”

తెర బయట ఉండిపోయిన విండోని మౌస్‌తో పట్టుకోలేం. ముందు ఆల్ట్, ట్యాబ్ నొక్కి దాన్ని ఎంచుకున్నాను. తర్వాత విండోస్ మీట, ఎడమ బాణం కలిపి నొక్కాను. మంటపం ఎగిరొచ్చి తెర మీద వాలింది. వరుడు మూడో ముడి వేస్తున్నాడు.

ఆంటీ బ్యాగులోంచి డబ్బా తీసి కీబోర్డు మీద అక్షింతలు జల్లింది. మిగిలినవి నా నెత్తిన పోసింది. “నీకూ తొందరగా అయిపోవాలి!”

ఎదురు సీట్లో ఈ దేశస్థుడే అయిన కివీ ముసలాయన చప్పట్లు కొట్టాడు.

రైలు దిగాక తల దులుపుకోవాలనిపించలేదు.